ఆట చెప్పువాని మాట



మా రామచంద్రపురములో ధాన్యము కొనువారు బస్తా మూతివద్ద గింజలు చూచి ధర చెప్పరు. చేయి లోనికి పోనిచ్చి, నడుమనున్న గింజలు తీసి, కొరికి చూతురు. అమ్మువాడు చుట్టమైనను పరీక్ష యొక్కటియే. ఫుట్‌బాలు ఆటను గూర్చి పత్రికలలోను టెలివిజనులోను తీర్పు చెప్పు విశ్లేషకుల మాటలను మాత్రము మనమట్లు పరీక్షింపము. మన జట్టును పొగడినవాడు పండితుడు, తప్పుపట్టినవాడు పగవాడు. ఈ దోషము నాయందును గలదు.

2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డాలో ఇండియన్ సూపర్ లీగు అంతిమ పోటీ జరిగెను. 68వ నిమిషమున కేరళ జట్టునకు రాహుల్ గోలు చేసెను. 88వ నిమిషమున హైదరాబాదు ఆటగాడు సాహిల్ తవోరా దానిని సరిచేసెను. అదనపు సమయమునను తేలక పెనాల్టీలకు పోగా, మన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపెను. 3-1తో కప్పు హైదరాబాదునకు దక్కెను. నేనును మా మేనల్లుడును ఆనందముతో కేకలు వేసితిమి.

మరునాడు ఒక విశ్లేషకుడు, పెనాల్టీల గెలుపును బట్టి ఒక జట్టు రెండవదానికంటె మేలైనదని చెప్పరాదనెను. నాకు కోపము వచ్చినది. "వీడు కేరళవారి మనిషి" యంటిని. మేనల్లుడు మెల్లగా, "మామయ్యా, ఆ మూడు పెనాల్టీలు కేరళ కీపరు ఆపియుండి, ఆయన ఈ మాటయే చెప్పినచో మీరేమందురు?" అని యడిగెను. "ధర్మాత్ముడందును" అను మాట నా నోటివరకు వచ్చి నిలిచిపోయినది.

నాటినుండి ఎవరి తీర్పు విన్నను, మొదట జట్ల పేర్లు తారుమారు చేసి చూచుకొందును. పిమ్మట, ఆటకు ముందు ఆయన చెప్పినదానిని ఒక పుస్తకములో తేదీతో వ్రాసికొందును. ఆట ముగిసిన తరువాత కారణములు చెప్పుట ఎవరికైనను సులభమే గదా! అంచనా తప్పుట నేరము కాదు. తప్పినదానిని ఒప్పుకొనక మాట మార్చుట నేరము.

అన్నిటికంటె కష్టమైన పరీక్ష మనకు ప్రియమైన కథలయెడ చేయవలసినది. 1950లో ఉత్తకాళ్లతో ఆడనీయనందుననే మనవారు బ్రెజిలులోని ప్రపంచ కప్పునకు పోలేదని ఎందరో వ్రాసిరి. 1948 లండను ఒలింపిక్సులో మనవారు పెక్కురు ఉత్తకాళ్లతో ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకొని, ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడిన మాట నిజమే. కాని 1950లో మన సమాఖ్య చెప్పిన కారణములు వేరు: అభ్యాసమునకు వ్యవధి చాలదనియు, జట్టు ఎంపికలో భేదములు కలవనియు. నాడు మనవారి దృష్టిలో ఒలింపిక్సే గొప్ప. పాదరక్షల కథలో తప్పు పరులది. రెండవదానిలో తప్పు మనది. కావుననే మొదటిది తీయగానుండి, ఇన్నాళ్లు నిలిచినది. నేనును దానిని ఎందరికో చెప్పితిని.

నా పుస్తకములో మొదటి పేరు ఆ విశ్లేషకునిదే. ఆయన అంచనాలు కొన్ని తప్పినవి. తప్పినపుడెల్ల తానే చెప్పెను. నేను మెచ్చుకొనుచుండిన మరియొకరు ఒక్కసారియు చెప్పలేదు. బస్తా మనవారిదైనను చేయి నడుమకు పోనిండు. సెలవు.