తేలిక పడవ – చేతిలోని తెడ్డు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు పూర్వవిద్యార్థి యొకరు చేసిన ప్రసంగము)

 

నేను ఈ పాఠశాలలో అక్షరములు దిద్దుకొని, ఉద్యోగమునకై కెనడా దేశము చేరి, అచ్చటనే స్థిరపడినవాడను. ప్రధానోపాధ్యాయులవారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు, విద్యను గూర్చి చెప్పుటకు నాకంటె యోగ్యులు ఈ వేదికమీదనే పలువురున్నారని మనవి చేసికొంటిని. "నీకు తెలిసినదే చెప్పవయ్యా" అని వారు సెలవిచ్చిరి. నాకు కొంత తెలిసినది పడవ నడుపుట. అందును రాళ్లనడుమ నురుగులు క్రక్కుచు పారు నీటిలో, పైకప్పులేని చిన్న పడవను నడుపుట. కావున దానిని గూర్చియే నాలుగు మాటలు చెప్పెదను.

హొగెనకల్ వెళ్లినవారందరును పుట్టిని చూచియే యుందురు. పని ముగిసిన పిమ్మట పుట్టివాడు దానిని బోర్లించి నెత్తికెత్తుకొని ఒడ్డున నడచిపోవును. మనిషిని మోయు పడవను మనిషి మోయగలుగుట – నేను చెప్పబోవు కెనూ అను పడవకును ఇదియే మూలసూత్రము.

కెనడా అరణ్యములలో నదులును సరస్సులును గొలుసుకట్టుగా నుండును. ఒక సరస్సునుండి మరియొక దానికి పోవలెనన్నను, దాటరాని జలపాతము ఎదురైనను, పడవను ఒడ్డునకు చేర్చి భుజములపై మోసికొని నడువవలసినదే. అందుచేత ఆల్గాంక్విన్ మొదలగు ఆదివాసి జనులు ఒక చెట్టు పట్టను స్ప్రూస్ వేళ్లతో కుట్టి, లోపల సీడారు బద్దలను పక్కటెముకలవలె బిగించి, అతుకులకు బంక పూసి తేలికయైన పడవలు చేసికొనిరి. ఆ చెట్టు మనకు పరాయిది కాదు. హిమాలయ ప్రాంతమున మన పూర్వులు గ్రంథములు వ్రాసికొనిన భూర్జపత్రము ఆ జాతి వృక్షముదే.

పిదప వచ్చిన మార్పులలో పెక్కు ఈ మోత బరువును తగ్గించుటకే. 1944లో గ్రమ్మన్ విమాన సంస్థలో ఉన్నతోద్యోగియైన విలియం హాఫ్‌మన్ అనునాయన అడిరాండాక్ కొండలలో కర్రపడవను మోసి మోసి విసిగి, విమానములకు వాడు అల్యూమినియముతో పడవను ఏల చేయరాదని తలచెను. 1945లో ఆ సంస్థ అట్టి పడవలను చేయ నారంభించెను. 1965లో డూపాంట్ పరిశోధనాలయమున స్టెఫనీ క్వోలెక్ అను విదుషీమణి కనుగొనిన పదార్థమునుండి కెవ్లార్ అను నార పుట్టెను. టైర్లకై వెదకుచుండగా దొరికిన ఆ నార, రక్షక కవచములకేగాక పడవలకును పనికివచ్చెను. ఈ నడుమ రాయలెక్స్ అను ప్లాస్టిక్ పొరల రేకుతో చేసిన పడవలు ఉండెడివి. అవి రాతికి కొట్టుకొని వంగినను మరల తమ ఆకారమునకు వచ్చెడివి. ఆ రేకు తయారీ 2014తో నిలిచిపోయెను.

నాకున్న మొదటి పడవ రాయలెక్స్‌దే. పొడవు 17 అడుగులు, బరువు 36 కిలోలు. యాబది యేండ్లు దాటిన తరువాత దానిని మోయుటకు నా భుజము అంగీకరింపలేదు. అప్పుడు 22 కిలోల కెవ్లార్ పడవను కొంటిని. మూడేండ్ల పిల్లవాడు భుజము దిగినంత హాయి కలిగెను. మోయుట సులభమైనది గనుక నడుపుటయు సులభమగునని తలచితిని. పొరపాటు అచ్చటనే జరిగినది.

ఒంటేరియో రాష్ట్రమున మడవాస్కా అను నది కలదు. అది ఆల్గాంక్విన్ పార్కులో పుట్టి ఒట్టావా నదిలో కలియును. దానిపై పామర్ రాపిడ్స్ అనుచోట క్రొత్తగా నేర్చుకొనువారు సాధన చేయుదురు. మే మాసాంతమున, పదునాలుగేండ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని అచ్చటికి పోయితిని. ఆమె ముందు, నేను వెనుక. ముందున్నవారికి రాళ్లు మొదట కనబడును. వెనుకనున్నవారు దిక్కు నిలుపుదురు. నీటి హోరులో మేము తెలుగుననే పిలుచుకొందుము. "కుడి", "ఎడమ", "ఆగు" – ఇంతకుమించి మాటలకు వ్యవధి యుండదు.

పెద్ద రాతివెనుక నీరు వెనుకకు మరలి, ఏటికి ఎదురుగా మెల్లగా కదలును. పడవవారు అచ్చట ఆగి అలుపు తీర్చుకొందురు. కష్టమెల్ల ఆ నిలుకడ నీటినుండి మరల ప్రవాహములోనికి పోవుటలో నున్నది. నా పాత పడవ బరువైనది. మెల్లగా పోయినను తన బరువుతోనే ఆ రెండు నీళ్ల సరిహద్దును దాటెడిది. క్రొత్త పడవ ముక్కు ప్రవాహమునకు తగిలీ తగులకముందే గిరుక్కున తిరిగెను. నాకు గుండె జల్లుమనెను. తెడ్డును ఒడిలో పడవైచి రెండు చేతులతో పడవ అంచును పట్టుకొంటిని; భయముతో ఎగువవైపునకు ఒరిగితిని. "నాన్నా, తెడ్డు!" అని అమ్మాయి కేక వినబడెను గాని నా చేతులు విడివడలేదు. ఎగువ అంచు మునిగెను. ఇట్టి పడవ నిండెనేని అర టన్నుకు మించిన నీరు పట్టును. అంతట అది పడవ కాదు, నీటి తొట్టి. ఇరువురమును నీటిలో పడితిమి.

మాకు తేలుడు చొక్కాలును శిరస్త్రాణములును ఉండెను. నేర్చుకొనిన రీతిగా వెల్లకిల తేలుచు, పాదములను దిగువవైపునకు నీటిపైననే యుంచి, కొంత దూరము కొట్టుకొనిపోయి ఒడ్డు చేరితిమి. పడవ అంచు పగిలెను. అమ్మాయి చలికి వణకుచు, "నేను నీళ్లను పట్టుకున్నాను నాన్నా, నువ్వు పడవను పట్టుకున్నావు" అనెను. కోపముతో అన్న మాట కాదు, చూచినది చెప్పెను. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రాణముమీదికి వచ్చినది ఆ పిల్లకు, తప్పు నాది.

తరువాత విచారించి చూడగా సంగతి తేటపడెను. తేలిక పడవ రెండు మూడు తెడ్డు వేటులకే వేగము పుంజుకొనును. ఆపిన అంత త్వరగానే ఆ వేగము పోగొట్టుకొనును. కావున పొట్టి వేటులు, ఎడతెగని వేటులు వేయవలెను. సరిహద్దును వేగముతో దాటవలెను. మోకాళ్లు వెడల్పుగా ఊని బరువును క్రిందనుంచవలెను. నీటిలోనున్న తెడ్డు ముసలివాని చేతికఱ్ఱ వంటిది, దానిపై ఆనుకొనవచ్చును. పడవ అంచుపై ఆనుకొనరాదు, ఏలయన అదియు మనతోపాటే ఒరుగును. ప్రవాహములో ప్రవేశించునప్పుడు పడవను దిగువవైపునకు వంచవలెను. రాతికి అడ్డముగా తగులుకొన్నచో రాతివైపునకే ఒరుగవలెను. భయము ప్రతిసారియు దీనికి విరుద్ధముగనే బోధించును. అందుచేత శరీరమునకు నిశ్చలమైన నీటిలో ముందుగా నేర్పవలెను. పాత పడవ రాతిదెబ్బలను ఓర్చుకొనెడిది. దీనికి అంత ఓర్పు లేదు గనుక ఒడ్డున దిగి, నీటిని చూచి, త్రోవ నిర్ణయించుకొనిన పిమ్మటనే కదలవలెను. తగ్గిన బరువు ఎచ్చటికిని పోలేదు; భుజముమీదినుండి బుద్ధిమీదికి వచ్చినది.

ఆ వేసవియంతయు ఇరువురమును ఒక చెరువులో సాధన చేసితిమి. మరుసటి యేడు ఆ రాతివెనుకకే మరల పోయితిమి. వెనుక స్థానము తనకిమ్మని అమ్మాయి అడిగెను. మొదట నాకు మనసొప్పలేదు, పిదప ఇచ్చితిని. నేను ముందు కూర్చుండి, తెడ్డు నీటిలోనుంచి, రాళ్లను చూచి చెప్పుచుంటిని. ఆమె పడవను దాటించెను.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. మీ పిల్లలు పడవ ఎక్కినను ఎక్కకున్నను ఏటికి పోకమానరు. తేలుడు చొక్కా లేనిదే పడవ ఎక్కనీయకుడు. వడిగా పారు నీటిలో పడినవారు, లోతు తక్కువయని లేచి నిలువబోరాదు. పాదము రాళ్లసందున ఇరుకుకొన్నచో నీటి వడి మనిషిని ముందునకు త్రోసి ముంచివేయును. నడుములోతు నీరైనను చాలును. వెల్లకిల తేలి, కాళ్లు పైకెత్తి, ఒడ్డువైపునకు ఈదవలెనని వారికి ఈనాడే చెప్పుడు. కావేరియైనను గోదావరియైనను ఈ నియమమొక్కటే.

ఇంకొక్క మాట చెప్పి విరమించెదను. ఈ ఊరికి వచ్చినది మొదలు పలువురు తల్లిదండ్రులు, "పిల్లలకు రాష్ట్రభాష, ఇంగ్లీషు, హిందీ ఉన్నవి, తెలుగొకటి తగ్గించిన భారము తగ్గును గదా" అని నన్నడిగిరి. భారము తగ్గింపవలెననువారిలో నేనును ఒకడను. పదునాలుగు కిలోలు దించుకొనినవాడను. అయితే దించుటకు ముందు ఏది మోతయో, ఏది తెడ్డో చూచుకొనవలెను. ఆ హోరులో మా తండ్రీకూతుళ్లకు వినబడినవి, ఇచ్చట మీ పిల్లలు నేర్చుకొనుచున్న ఈ మాటలే. అవి మా పడవకు బరువు కాలేదు. అట్లే పిల్లలను గూర్చిన భయముతో మనము పడవ అంచును పట్టుకొని కూర్చుండరాదు. లోతు తక్కువ నీటిలో, మన కన్నుల యెదుట, వారి చేతికి తెడ్డు ఇచ్చి నేర్పుదము.