ఈసారి లిస్టు మన దిక్కువాళ్ల కోసం: సైఫై, అనిమే, చిన్న సినిమాలు



పోయిన ఎపిసోడ్ పెట్టిన మర్నాడే భూపాలపల్లి నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ సెకండియర్ వాడు. "అన్నా, నువ్వు ప్రతిసారి థియేటర్‌లోనే చూడాలె అంటవు. ఆ సినిమాలు మా దగ్గరికి వస్తయా? హనుమకొండ పోవాల్నంటే బస్సు కిరాయి, టికెట్టు, ఒక రోజంతా పోతది. బాపు పైసలియ్యడు. నీ లిస్టు హైదరాబాదోళ్లకు చెప్పుకో" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినన్ని రోజులు రూమ్ నుంచి పది నిమిషాల్లో మల్టీప్లెక్స్. జనగామలో పెరిగినవాణ్ణి, ఆ సంగతే మర్చిపోయా. అందుకే ఈ ఎపిసోడ్‌కు మూడు షరతులు పెట్టుకున్నా. ఒకటి, తెలుగులో ఉండాలి. రెండు, ఫోన్‌లోనో ఇంట్లో టీవీలోనో చూసినా కథ మనకు అందాలి. మూడు, చూశాక ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడుకునే విషయం అందులో ఉండాలి. జనగామలో ఉన్నా, మానుకోటలో ఉన్నా, భూపాలపల్లిలో ఉన్నా ఈ లిస్టు పనికి రావాలి.

ముందు అనిమే. మనలో చాలామంది ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో అలవాటు పడిపోయాం. డబ్ అంటే నవ్వేవాళ్లలో నేనూ ఒకణ్ణి. దసరాకు భూపాలపల్లి పోయినప్పుడు తమ్ముడు 'సోలో లెవెలింగ్' తెలుగులో పెట్టాడు. అదే సిరీస్ అంతకుముందు సబ్‌టైటిల్స్‌తో చూసినప్పుడు మా చిన్నమ్మ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఈసారి కూరగాయలు కోస్తూ వింటోంది. హీరో జిన్‌వూ అందరికంటే బలహీనమైన వేటగాడు. ఆసుపత్రిలో ఉన్న అమ్మ ఖర్చుల కోసం ప్రాణాలకు తెగించి లోపలికి పోతుంటాడు. కాసేపయ్యాక చిన్నమ్మ కత్తి పక్కకు పెట్టి, "వాళ్లమ్మకు నయమైతదారా?" అని అడిగింది. డబ్ ఎందుకు అనే ప్రశ్నకు నాకు అక్కడే జవాబు దొరికింది. తెలుగు డబ్బింగ్ కొన్నిచోట్ల మరీ పుస్తకంలా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ సబ్‌టైటిల్స్ చదవలేని మనిషికి అదొక్కటే తలుపు.

ఇక 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్'. జపాన్‌లో 2025 జులై 18న వచ్చింది. రెండు నెలలు కూడా కాకముందే, సెప్టెంబర్ 12న మన థియేటర్లలో తెలుగులో కూడా దిగింది. మూడు సినిమాల్లో ఇది మొదటిది. ఒక్క మాట, నేరుగా దీంతో మొదలుపెట్టకండి, ఏం అర్థం కాదు. మొదటి సీజన్ నుంచి రండి. రాక్షసిగా మారిన చెల్లెల్ని మళ్లీ మనిషిని చేయాలని తాంజిరో పడే తపనే మొత్తం కథ. ఈ సినిమాలో యుద్ధాలు అదిరిపోతాయి. కానీ నన్ను పట్టుకున్నది మాత్రం ఒక రాక్షసుడి పాత జీవితం. వాడు అలా ఎందుకయ్యాడో తెలిశాక కోపం నిలబడదు.

ఇంట్లో పెద్దవాళ్లకు అనిమే అంటే పిల్లల కార్టూనే. వాళ్లకు చూపించడానికి నా దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, యుగో సాకో అనే జపాన్ దర్శకుడు మనవాళ్లతో కలిసి తీసిన రామాయణం. 1993 నాటి సినిమా, 2025 జనవరి 24న కొత్త తెలుగు డబ్‌తో వచ్చింది. రెండోది, అశ్విన్ కుమార్ తీసిన 'మహావతార్ నరసింహ', 2025 జులై 25న విడుదలైంది. ప్రహ్లాదుడి కథ. తెలుగులో మొట్టమొదటి టాకీ, 1932లో వచ్చిన 'భక్త ప్రహ్లాద' కూడా ఇదే కథ. యానిమేషన్ కొన్నిచోట్ల తేలిపోయినా, నరసింహుడు బయటికొచ్చాక సౌండ్ తగ్గించాలనిపించదు.

సైఫైకి వద్దాం. టైమ్ ట్రావెల్ అంటే హాలీవుడ్ గుర్తొస్తుంది కదా. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లోనే 'ఆదిత్య 369' తీశారు. టైమ్ మెషీన్ ఎక్కి హీరో 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి, అక్కడి నుంచి 2504కు పోతాడు. 2025 ఏప్రిల్ 4న 4కే క్వాలిటీలో మళ్లీ విడుదల చేశారు. భవిష్యత్తు సెట్లు ఇప్పుడు చూస్తే నవ్వొస్తాయి. కానీ కథ నడిచే తీరు ఇప్పటికీ పాతబడలేదు. నాన్నతో కూర్చుని చూడండి, ఆ రోజుల ముచ్చట్లు ఆయనే చెప్తారు.

2024 జూన్ 27న వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చాలామంది చూసే ఉంటారు. దానికి ముందు వచ్చిన 'బుజ్జి అండ్ భైరవ' చూశారా? ప్రైమ్‌లో ఉన్న చిన్న యానిమేషన్ సిరీస్, రెండే ఎపిసోడ్లు. పాప్‌కార్న్ అయిపోయేలోపు అయిపోతుంది. ఇక పెద్ద సెట్లు లేకుండా టైమ్ ట్రావెల్ ఎలా తీయొచ్చో చూడాలంటే 2022 నాటి 'ఒకే ఒక జీవితం'. పోగొట్టుకున్న అమ్మను మళ్లీ చూడటానికి కొడుకు వెనక్కి పోతాడు. అమల గారు అమ్మ. గుండె గట్టిగా పెట్టుకుని చూడండి.

ఇప్పుడు చిన్న సినిమాలు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. బీటెక్ హాస్టల్‌లో నా హార్డ్ డిస్క్ నిండా పైరసీ సినిమాలే. పెద్ద హీరో సినిమా మొదటి మూడు రోజుల్లోనే చాలావరకు రాబట్టుకుంటుంది. చిన్న సినిమాకు ఆ మూడు రోజులు ఉండవు. చూసినవాళ్లు నలుగురికి చెప్పాలి, ఆ నలుగురూ రెండో వారంలో రావాలి. ఆ రెండో వారం కల్లా లింకు మన చేతిలో ఉంటే హాలు ఖాళీ, షో ఎత్తేస్తారు. ఆ తర్వాత "మన ఊరికి మంచి సినిమాలు రావు" అని మనమే అంటాం. ఓటీటీలు అన్నీ కట్టాల్సిన పనిలేదు. ఒక నెల ఒకటి తీసుకోండి, చూసేయండి, ఆపేయండి, వచ్చే నెల ఇంకొకటి.

మొదటిది 'సినిమా బండి', 2021, నెట్‌ఫ్లిక్స్. ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో ఆటో డ్రైవర్ ఊరివాళ్లను పెట్టి సినిమా తీస్తాడు. ఫోన్‌తో రీల్స్ తీసే ప్రతి ఒక్కరూ చూడాలి. రెండోది '23', 2025 మే 16న వచ్చింది. దర్శకుడు రాజ్ రాచకొండ. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనం, 23 మంది చనిపోయిన ఘటన. నేరం చేసినవాళ్లను సినిమా వెనకేసుకు రాదు. కానీ శిక్ష అందరికీ ఒకే కొలతతో పడుతోందా అని అడుగుతుంది. ఒంటరిగా కాదు, ఎవరితోనైనా చూసి వాదించుకోండి.

చివరిది అదే దర్శకుడి 'మల్లేశం', 2019. మన జనగామ పక్కనే ఆలేరు దిక్కు శారాజీపేట కథ. ఆసు పోసీ పోసీ అమ్మ భుజం పడిపోతుంటే, చదువు మధ్యలో ఆగిన కొడుకు చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి తిప్పలు పడి ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ప్రియదర్శి చేశాడు.

లిస్టు పనికొస్తుందో లేదో చూద్దామని ముందు ఇది తమ్ముడికే చెప్పా. వాడు, మా చిన్నాయన కలిసి ఫోన్‌ను గోడకు ఆనించి చూశారట. చిన్నాయన సింగరేణిలో పని చేస్తాడు, సినిమాల మీద పెద్దగా ఇష్టం లేదు. అయ్యేదాకా ఏం మాట్లాడలేదట. అయినంక, "మా అమ్మ గూడ గిట్లనే పోసేది. రాత్రి చెయ్యి లేవకపోయేది" అన్నాడట.

ఆయన అమ్మంటే మా నాయనమ్మ. నేను పుట్టకముందే పోయింది. ఆమె ఆసు పోసేదని నాకు 28 ఏళ్లు వచ్చాక, ఒక సినిమా వల్ల, తమ్ముడు చెప్తే తెలిసింది. వచ్చే ఆదివారం భూపాలపల్లి పోతున్నా, మిగతాది చిన్నాయననే అడుగుతా.

మీరూ ఈ లిస్టులో ఒక్కటి తీసుకుని ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. సినిమా అయ్యాక ఫోన్ పక్కన పెట్టి, వాళ్లు ఏం చెప్తారో వినండి. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.