అట్ట పారేసే ముందు
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము మాట్లాడబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు వస్తుంది. పాటల సీడీకి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. కొన్నిటికి ఆ డబ్బా మీద మళ్లీ ఒక అట్ట తొడుగు ఉంటుంది. ఆ తొడుగును దాచుకోవాలా, పారేయాలా అన్నదే విషయం. సీడీ వేసుకునే మిషనే ఇంట్లో లేని కాలంలో దాని తొడుగు గురించి ప్రసంగమా అని మీరు అనుకోవచ్చు. మేమూ అట్లే అనుకున్నాము. అట్ల అనుకోబట్టే ఒక తప్పు చేసినాము. ముందు ఆ తప్పు చెప్పుకుంటాము.

కొన్నేళ్ల కిందట మన పాటల క్యాసెట్లు, సీడీలు ఎవరి ఇంట్లో ఉన్నా తెచ్చివ్వమని ఊరూరా తిరిగి అడిగినాము. జాతరల్లో, బస్టాండు దగ్గర కొన్నవి, పెళ్లిళ్లకు పంచినవి, చాలానే వచ్చాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాము. మనకున్నది ఒక్క గది. అందులో ఒక పెట్టెకు చెదలు పట్టింది. చెదలు తినేది అట్టనే కదా, డబ్బా మీద డబ్బా ఎందుకు అని బయటి తొడుగులన్నీ తీసి పాత పేపర్లు కొనే ఆయనకు తూకానికి వేసేసినాము. వచ్చిన డబ్బుతో టీ తాగినాము. గది ఖాళీ అయిందని సంతోషపడినాము కూడా.

తర్వాత మదనపల్లె వైపు తండా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల అవ్వ, ఇంకొక ఆమె కలిసి తీజ్ పాటలు పాడిన సీడీ ఒకటి ఉంది. అవ్వకు వయసైపోయింది. కేంద్ర సాంస్కృతిక శాఖ వయసుపైబడిన కళాకారులకు ఇచ్చే ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టాలని ఆ పిల్ల ఆశ. కళాకారిణి అని చూపించడానికి కాగితం కావాలి కదా. సీడీ మా దగ్గర ఉంది. తీసి ఇచ్చినాము. లోపలి చీటీలో పాటల వరస ఉంది, తీసినవారి పేరు, తిరుపతి చిరునామా ఉన్నాయి. పాడినవాళ్ల పేర్లు లేవు. లోపలి చీటీ ఒకే రంగులో చౌకగా వేయించి, ఫోటోలు, పేర్లు, తండా పేరు అన్నీ బయటి అట్ట మీద నాలుగు రంగుల్లో వేయించినారు. ఆ అట్ట మేము తూకానికి వేసేసినాము.

ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. సీడీని అటూ ఇటూ తిప్పి చూసింది. పాట పెట్టమంది, పెట్టినాము. అవ్వ గొంతు స్పష్టంగా ఉంది. కానీ ఆఫీసులో గొంతును చూసి పేరు రాసుకోరు.

అప్పటినుంచి ఈ సంగతి కొంచెం చదివినాము. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52ఎ సెక్షన్ ప్రకారం పాటల రికార్డింగ్ మీదా, దాన్ని పెట్టే డబ్బా మీదా మూడు సంగతులు ఉండాలి: రికార్డింగ్ చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం. పాడినవారి పేరు ఈ మూడింటిలో లేదు. 2012 సవరణతో, పాడినవారికి తమ పేరు చెప్పించుకునే హక్కు ఆ చట్టంలోకే వచ్చింది. మంచిదే. కానీ ఆ హక్కు అడగాలంటే పాడింది నేనే అని చూపించాలి. పెద్ద సినిమా గాయకులకు ఈ తిప్పలు లేవు, వాళ్ల పేరు వంద చోట్ల ఉంటుంది. మన అవ్వల పేరు ఒక్క చోటే ఉంటుంది, అది కూడా చాలాసార్లు అట్ట మీద.

తిరుపతిలో ఉన్నాము కాబట్టి అన్నమయ్య మాట ఎత్తకుండా ఉండలేము. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి కొండమీద సంకీర్తన భాండారంలో పెట్టినారు. రేకుల మీద సాహిత్యం ఉంది, ఒక్కో పాటకు రాగం పేరు ఉంది. స్వరం లేదు. అందుకే గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి విద్వాంసులు ఎన్నో పాటలకు కొత్తగా వరసలు కట్టాల్సి వచ్చింది. రేకు మీదికి ఎక్కింది నిలిచింది, ఎక్కనిది పోయింది. మన సంగతి దానికి తిరగబడింది. మనకు వరస ఉంది, గొంతు ఉంది. గోర్ బోలికి సొంత లిపి లేకపోయినా తెలుగు అక్షరాల్లో పాట రాసుకుంటున్నాము. పోతున్నది పాడినవాళ్ల పేరు.

అట్లని ప్రతి అట్టా, ప్రతి కవరూ నెత్తిన పెట్టుకోమని మేము చెప్పడంలేదు. అమెరికాలో సీడీలు కొత్తగా వచ్చినప్పుడు అంగళ్లలో ఉన్నవి పెద్ద ఎల్పీ రికార్డుల అరలు. చిన్న సీడీ వాటిలో సరిగా నిలబడదని, దాన్ని అడుగు పొడుగున్న అట్టపెట్టెలో పెట్టి అమ్మినారు. ఇంటికి తెచ్చుకున్నవాళ్లు చాలామంది దాన్ని చించి చెత్తబుట్టలో వేసేవాళ్లు. ఇంత అట్ట దండగ అని కళాకారులు, పర్యావరణం వాళ్లు గోల చేస్తే 1993లో ఆ పెట్టెలు ఆపేసినారు. ఆ పని సరైనదే. ఆ పెట్టె అంగడివాని అర కోసం పుట్టింది, పాట కోసం కాదు. జపాన్‌లో ఇంకో రకం ఉంది. రికార్డులకు, సీడీలకు ఒక కాగితం పట్టీ చుడతారు, దాన్ని ఓబీ అంటారు. విదేశీ పాటల పేర్లు జపాన్ భాషలో, వెల, వివరాలు దానిమీద ఉంటాయి. ఆ పట్టీ చిరగకుండా ఉంటే పాత రికార్డుకు ఎక్కువ ధర పలుకుతుంది. చూస్తే చిన్న కాగితం ముక్కే, కానీ లోపల లేని మాట దానిమీద ఉంది.

మేము పట్టుకున్న లెక్క కూడా ఇదే. కొత్త సీడీ మీద చుట్టిన పలచని ప్లాస్టిక్ పొర పారేయండి. మిఠాయి డబ్బాలకు, ఆహ్వాన పత్రికలకు చుట్టే అలాంటి పొరను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించినారు కూడా. దానిమీద స్టిక్కర్ ఉంటే మాత్రం చదివి పారేయండి. అట్ట తొడుగు వస్తే లోపలి చీటీని పక్కన పెట్టి రెండూ పోల్చండి. అదే బొమ్మ, అదే అక్షరాలైతే ఉంచుకోవడం మీ ఇష్టం. ఒక్క పేరు, ఒక్క ఊరు, ఒక్క సంవత్సరం ఎక్కువ ఉన్నా ఆ అట్ట ఉండాల్సిందే. మన పాటల సీడీలకైతే ఇప్పట్లో ఏదీ పారేయొద్దు, ముందు చదవడం పూర్తి కానీయండి.

మా కమిటీలో ఒక పెద్దాయన దీనికి ఒప్పుకోలేదు. పాట నోట్లో ఉంటే చాలు, మా నాయన ఏ అట్ట చూసి పాడినాడు అన్నారు. ఆ మాటలో నిజముంది. పాట బతికేది పాడితేనే. కానీ ఆ అమ్మాయి వచ్చిన రోజు ఆయన కూడా అక్కడే కూర్చుని ఉన్నారు. ఏమీ మాట్లాడలేదు.

దాచే పద్ధతి పెద్ద కష్టం కాదు. అట్టకు రెండు వైపులా, లోపలి మడతకు కూడా ఎండ పడని వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీయండి. సీడీకి ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో రాయండి. సీడీ మీద మాత్రం బాల్‌పెన్నుతో రాయొద్దు. పాట ఉండే పొర బొమ్మ వేసిన వైపే పైపైన ఉంటుంది, గీత పడితే పోతుంది. అట్టలను సీడీల నుంచి విడదీసి మూతగట్టి డబ్బాలో పెట్టండి, నేలకు, గోడకు తగలకుండా. రేకుల ఇంట్లో అటక మీద పెట్టొద్దు, మన ఎండలకు ఇంట్లో రాసిన సీడీలు తొందరగా చెడిపోతాయి.

అన్నిటికన్నా ముందు, అట్ట మీది ఫోటోలు మీ అవ్వకు, తాతకు చూపించి ఎవరెవరో అడిగి రాసుకోండి. అడగడానికి వాళ్లు ఇప్పుడైతే ఉన్నారు.

ఆ తీజ్ పాటల సీడీ తొడుగు మాకు ఇంకా దొరకలేదు. నీలం రంగు అట్ట. ముందు వైపు అద్దాల కాంచళి, పేట్యా కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. వెనక వైపు పేర్లు. మీ ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో అటువంటిది కనబడితే సంఘం గదికి తెచ్చివ్వండి. ఫోటో పంపినా సరే.