ఫైబర్ బోటు మెరుపు



సింహాచలంలో కూర్చుని సముద్రం బోటు గురించి మాటలేమిటి అని మీరు అనుకోవచ్చు. ఇక్కడ కొండ ఉంది. మెట్లు ఉన్నాయి. సంపెంగ పూలున్నాయి, పనస చెట్లున్నాయి. సముద్రం మాత్రం లేదు. నిజమే. కాని వైశాఖ మాసంలో చందనోత్సవం నాడు కొండ కింద నిలబడి చూడండి. సముద్రం ఒడ్డు ఊళ్ళ వాళ్ళు కూడా కొండ ఎక్కుతూ కనిపిస్తారు. ఆ రోజుల్లో వాళ్ళకు వేట ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మండే ఎండలో ఉంటాయి.

బోటు బాగు చేసుకునే కాలం కూడా అదే.

ఈ మాటలు ముందుగా ఆ ఇళ్ళ ఆడవాళ్ళ కోసం. వేటకు మగవాళ్ళు వెళతారు. చేపలు అమ్మేది ఆడవాళ్ళు. చీటీ కట్టేది, అప్పు తెచ్చేది, ఆ అప్పు తీర్చేది ఆడవాళ్ళు. బోటు పాడైతే ఆ దెబ్బ నెత్తి మీది గంపకు తగులుతుంది. కొండ కింద ఉన్నవాళ్ళకు కూడా ఈ మాటలు కొంత పనికొస్తాయి. స్నానాల గదికి ఫైబర్ తలుపు ఉందా? అదీ ఈ జాతిదే.

వెనకటి రోజుల్లో విశాఖ ఒడ్డున ఎక్కువగా తెప్పలే ఉండేవి. దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టేవాళ్ళు. చెక్క పడవలు కూడా ఉండేవి. 1979లో మద్రాసు కేంద్రంగా ఒక పని మొదలైంది. దాని పేరు బంగాళాఖాతం కార్యక్రమం. ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఆహార, వ్యవసాయ సంస్థ దాన్ని నడిపింది. అలల మీదుగా ఒడ్డుకు చేరే బోట్లు ఎలా ఉండాలో వాళ్ళు నమూనాలు చేసి చూశారు. వాటిలో ఫైబర్ బోట్లు ఉన్నాయి. తర్వాత రోజుల్లో ఈ తీరమంతా ఫైబర్ వచ్చేసింది. చెక్కలా పుచ్చదు. షిప్‌యార్డులో కట్టే ఉక్కు ఓడలా తుప్పు పట్టదు. అందుకే జనం దాన్ని ఇష్టపడ్డారు.

తుప్పు పట్టదు, పుచ్చదు. అయితే ఇక ఏమీ కాదా? అక్కడే చాలామంది పొరబడతారు.

ఫైబర్ బోటును ఎలా చేస్తారో తెలిస్తే సంగతి అర్థమవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు ముందు గోడ కడతాం. తర్వాత సున్నం వేస్తాం. బోటుకు అంతా తిరగేసి చేస్తారు. ముందుగా బోటు ఆకారంలో ఒక అచ్చు ఉంటుంది. అచ్చు లోపల మైనం రుద్దుతారు. దాని మీద రంగు కలిపిన చిక్కటి పూత వేస్తారు. ఆ పూత పేరు జెల్ కోట్. అది కాస్త గట్టిపడ్డాక గాజు పోగుల చాప పరుస్తారు. దాని మీద రెజిన్ అనే జిగురు పూస్తారు. మళ్ళీ చాప, మళ్ళీ జిగురు. అంతా ఆరాక అచ్చులోంచి బోటు తీస్తారు. మొదట వేసిన పూత పైకి వస్తుంది. కొత్త బోటు అద్దంలా మెరిసేది ఆ పూత వల్లే.

ఆ పూత మందం ఎంత? సుమారు అర మిల్లీమీటరు. మీ చేతిలోని పుస్తకంలో అయిదు కాగితాలు కలిపి పట్టుకోండి. దాదాపు అంతే. నీళ్ళను బయట ఆపేది ఆ అయిదు కాగితాల మందం. అది అరిగిపోతే గాజు పోగులు బయట పడతాయి. నీళ్ళు పోగుల వెంట లోపలికి పాకుతాయి. బోటు బరువెక్కుతుంది. బరువు బోటుకు ఆయిలు ఎక్కువ తాగుతుంది. పొరలు మెల్లగా విడిపోతాయి.

ఇక్కడ మెరుపంటే సోకు కాదు. పైపొర బాగుంది అని చెప్పే గుర్తు అది.

మెరుపు ఎందుకు పోతుంది? ముఖ్యంగా ఎండ వల్ల. ఎండలో కంటికి కనపడని కిరణాలుంటాయి. అవి పూతలోని జిగురును విరగ్గొడతాయి. పైన సన్నటి పొర పొడిగా మారుతుంది. ఉప్పు, ఇసుక దాన్ని ఇంకా గరుకు చేస్తాయి. నీలం బోటు బూడిద రంగుకు వస్తుంది. ఎర్ర బోటు గులాబి రంగుకు వస్తుంది. ముదురు రంగుల మీద ఈ మార్పు తొందరగా తెలుస్తుంది.

అరచేత్తో బోటు పక్కను ఒకసారి రుద్ది చూడండి. చేతికి సున్నంలాగా పొడి అంటిందా? పైపొర చచ్చిందని అర్థం. అంటకపోతే మంచి నీళ్ళు చిలకరించి చూడండి. చేమాకు మీద లాగా నీళ్ళు బొట్లు బొట్లుగా నిలిస్తే మైనం ఇంకా ఉంది. నీళ్ళు పరుచుకుపోతే మైనం పోయింది.

కొందరు బోటుకు కిరసనాయిలో, డీజిలో రాసి తుడుస్తారు. కాసేపు మెరుస్తుంది. ఆ మెరుపు నిలవదు. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. అంతే లాభం. ఇంకొందరు పొడి మీదే రంగు కొట్టేస్తారు. ఆ రంగు పొడిని పట్టుకుంటుంది గాని బోటును పట్టుకోదు. కొన్నాళ్ళకు పెచ్చులుగా ఊడుతుంది. రంగు వెయ్యడం తప్పు కాదు. పూత బాగా పలచబడ్డ పాత బోటుకు రంగే గతి. కాని కడిగి, పొడి పోయేదాకా రుద్ది, ఆరాక వెయ్యాలి.

ఇక పని సంగతి. పని తెల్లవారుజామున చెయ్యాలి, లేదా పొద్దు వాలాక చెయ్యాలి. తాటాకు పందిరి వేస్తే మరీ మంచిది. కాలే బోటు మీద ఏ మందు రాసినా క్షణంలో ఎండి పట్టేస్తుంది. ముందుగా మంచి నీళ్ళతో కడగాలి. సముద్రం నీళ్ళతో కడిగితే ఉప్పు అక్కడే ఉంటుంది. కొంచెం సబ్బు నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. గిన్నెలు తోమే పొడి వద్దు. ఇనుప పీచు వద్దు. మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ అసలే వద్దు. ఇవన్నీ పూతను గీరేస్తాయి, తినేస్తాయి. గుల్లలు పట్టి ఉంటే కత్తితో కాకుండా చెక్క ముక్కతో గీకాలి.

కడిగి ఆరాక చచ్చిన పొరను తియ్యాలి. పొడి కొంచెమే ఉంటే రబ్బింగ్ కాంపౌండ్ చాలు. కార్లకు రంగు వేసే సామాను అమ్మే షాపుల్లో అది దొరుకుతుంది. పేస్టు లాగా ఉంటుంది. మూరెడు చోటు తీసుకోవాలి. గుడ్డతో గుండ్రంగా రుద్దాలి. మెరుపు వచ్చాక తుడిచి పక్క చోటుకు వెళ్ళాలి. బోటంతా ఒకేసారి పూసి తర్వాత రుద్దుదాం అనుకుంటే చెయ్యి పడిపోతుంది గాని మెరుపు రాదు.

పొడి ఎక్కువగా ఉంటే వాటర్ పేపరు వాడాలి. ఇది నీళ్ళలో తడిపి రుద్దే ఉప్పుకాగితం. వెనక వైపు తిప్పి చూడండి. అంకె ఉంటుంది. 400, 600, 800, 1000, 1500, 2000. అన్ని లెక్కల్లో అంకె పెరిగితే వస్తువు పెరుగుతుంది. ఇక్కడ అంకె పెరిగితే గరుకు తగ్గుతుంది. 2000 కాగితం చాలా మెత్తన. 400 చాలా గరుకు. షాపువాడు ఏదిచ్చినా తెచ్చుకోకండి. అంకె చదివి తీసుకోండి. 800తో మొదలుపెట్టాలి. తర్వాత 1000, తర్వాత 1500. ఆ తర్వాతే కాంపౌండ్. కాగితాన్ని ఎప్పుడూ తడిగానే రుద్దాలి. పొడిగా రుద్దితే దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు పెట్టుకోవాలి. చంటిపిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

రుద్దిన ప్రతిసారీ అయిదు కాగితాల్లోంచి కొంత పోతుంది. ఇది గుర్తుంచుకోండి. అందుకే ఏటా రుద్దకూడదు. ఏటా చెయ్యాల్సింది మైనం పని.

మైనం పూత వేసుకుంటే ఎండ, ఉప్పు ముందుగా దాన్ని తింటాయి. కింది పొర నిలుస్తుంది. కార్లకు రాసే మైనం వాడొచ్చు. కొన్నింటిలో కార్నోబా మైనం ఉంటుంది. అది బ్రెజిల్ దేశంలో ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీస్తారు. పలచగా రాయాలి. మసకబారేదాకా ఆగాలి. పొడి గుడ్డతో తుడవాలి. ఏడాదికి రెండుసార్లు రాస్తే మంచిది. నిషేధం రోజుల్లో ఒకసారి. దీపావళి దాటాక, వానలు తగ్గాక ఇంకోసారి. డబ్బా మీద సిలికాన్ అని ఉంటే, ముందు ముందు రంగు వేసే ఆలోచన ఉన్నవాళ్ళు అది కొనకూడదు. సిలికాన్ మీద రంగు నిలవదు.

మైనం బోటు పక్కలకే. కాళ్ళు పెట్టి నిలబడే చోట రాయకూడదు. వల లాగేటప్పుడు కాలు జారితే మనిషి సముద్రంలో ఉంటాడు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. రుద్దేటప్పుడు గాజు పోగులు కనబడ్డాయా? లోతు పగులు ఉందా? అక్కడ మైనం పని చెయ్యదు. మంచి నీళ్ళతో కడగాలి. కొన్ని రోజులు బాగా ఆరనివ్వాలి. తర్వాత పని తెలిసిన వాళ్ళతో రెజిన్ వేయించాలి. ఆ పనికి మూడు రకాల మందులు ఇంటికి వస్తాయి. ఒకటి రెజిన్. రెండోది కోబాల్టు. అది ఊదా రంగులో ఉంటుంది. మూడోది కాటలిస్టు. అది అచ్చం నీళ్ళలా ఉంటుంది.

కోబాల్టును ముందు రెజిన్‌లో బాగా కలుపుతారు. ఆ తర్వాతే కాటలిస్టు కలుపుతారు. కోబాల్టు, కాటలిస్టు ఈ రెండూ ఒకదానిలో ఒకటి నేరుగా పడకూడదు. పడితే మంట లేస్తుంది. పేలుతుంది. ఒకే గరిటె రెండు సీసాల్లో పెట్టకూడదు. ఒకే గుడ్డతో రెండూ తుడవకూడదు. కాటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే మంచి నీళ్ళతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలి. ఆ వెంటనే ఆసుపత్రికి పోవాలి. కన్ను నొప్పి తగ్గిందని ఆగకూడదు.

సీసాల మీద రాసి ఉంటుంది కదా అంటారా? రాసి ఉంటుంది. ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. కొన్నిసార్లు షాపువాడు పెద్ద క్యాను లోంచి చిన్న సీసాలో పోసి ఇస్తాడు. దాని మీద ఏమీ ఉండదు. అది కూల్‌డ్రింకు సీసా కూడా కావచ్చు. ఎండాకాలం. ఇంట్లో పిల్లలు. నీళ్ళలాంటి మందు. ఏం జరగగలదో వేరే చెప్పనక్కరలేదు.

కూల్‌డ్రింకు సీసాలో పోస్తే తీసుకోవద్దు. మందు వచ్చిన సీసాలోనే ఇమ్మని అడగండి. సీసా ఇంటికి రాగానే ఏది ఏమిటో షాపువాడినో, మేస్త్రీనో అడిగి చీటీ రాయండి. పెద్ద అక్షరాలతో రాయండి. ఒక దాని మీద "కోబాల్టు" అని. ఇంకో దాని మీద "కాటలిస్టు – విషం – తాగరాదు" అని. జిగురుతో అంటించండి. పైన ప్లాస్టిక్ టేపు వేస్తే తడికి చెరగదు. ఇంట్లో చదువు వచ్చిన పిల్లలతో కూడా ఆ చీటీ చదివించండి. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టకండి. పొయ్యి దగ్గర, దీపం దగ్గర, ఎండ తగిలే చోట పెట్టకండి. రెజిన్ కూడా అంటుకుంటే భగ్గుమంటుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి 30కి పైగా బోట్లు కాలిపోయాయి. ఒక బోటు నుంచి ఇంకో బోటుకు మంట ఎంత తొందరగా పాకుతుందో ఆ రాత్రి ఊరంతా చూసింది.

ఖర్చు మాట. 2025లో వేట నిషేధం సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఇంటికి 20,000 రూపాయలు చేసింది. అంతకు ముందు అది 10,000 రూపాయలు. ఆ డబ్బుతో రెండు నెలలు ఇల్లు గడవాలి. అందులోంచి బోటుకు ఎంత తియ్యాలన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకునే మాట. అంతా ఒక్క ఏడాదిలో చెయ్యలేకపోతే ముందు పగుళ్ళు చూసుకోండి. తర్వాత కడగడం, మైనం. మెరుపు కోసం రుద్దడం వచ్చే ఏడాదికి ఆగుతుంది. పగులు ఆగదు.

పని అయ్యాక ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి. ఏ తేదీన కడిగారు. ఏ నంబరు కాగితం వాడారు. మైనం ఎప్పుడు రాశారు. ఎంత ఖర్చయింది. మళ్ళీ ఏప్రిల్ 15 వచ్చినప్పుడు ఆ కాగితం తీసి, దాన్ని చూసుకుని బోటు దగ్గరికి వెళ్ళండి.