నిమ్మళమైన రేవు – భీమునిపట్నం
(చాగలమర్రి సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



సెలవులలో మన యౌవనస్థులు భీమునిపట్నం చూచి రావాలనుకొనుచున్నారు. వెళ్లేముందు ఆ ఊరిని గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మనది సముద్రము లేని సీమ. అయినను బైబిలు చదివే మనకు రేవులు కొత్త కాదు. పౌలు ఎక్కిన ఓడ గ్రీకుల క్రేతు ద్వీపములో మంచిరేవులు అను చోట ఆగినట్లు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఉన్నది. పేరు మంచిదే గాని, చలికాలము గడుపుటకు వీలు కాదని ఎక్కువమంది అక్కడ నుండి బయలుదేరుదామన్నారు. రేవుల బ్రతుకే అంత. ఓడకు పనికివచ్చినంత కాలమే వాటికి గౌరవము.

భీమునిపట్నం సంగతీ అంతే. విశాఖపట్నానికి సుమారు 24 కిలోమీటర్ల దూరాన, గోస్తనీ నది సముద్రములో కలిసేచోట ఉన్న ఊరది. 17వ శతాబ్దములో డచ్చివారు అక్కడ వర్తకము పెట్టారు. 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడింది. ఓడలు దూరాన లంగరు వేస్తే, పడవల మీద సరుకు చేరవేసేవారు. మన రైతులెరిగిన గోగునార అక్కడ ఓడలెక్కి, పరదేశాలలో ‘బిమ్లీ జనపనార’ అని పేరు తెచ్చుకొన్నది. 1933లో విశాఖలో పెద్ద ఓడరేవు తెరిచారు. ఆ తరువాత భీమిలికి ఓడలు తగ్గి, కడకు నిలిచిపోయినవి.

కనుక అక్కడి నిమ్మళము మనకు హాయిగా తోచినా, అది ఒకప్పుడు కూలి పోగొట్టుకొన్నవారి ఇండ్ల మీదుగా వచ్చినదని మరువవద్దు. ఊరు మాత్రము చావలేదు. బెస్తవారు నేటికీ సముద్రము మీదికి పోవుచున్నారు. తెల్లవారుజామున లేచి ఒడ్డుకు వెళ్లండి. పడవలు వచ్చుట, వలలు దులుపుట, ఆడవారు గంపలకెత్తుట చూడండి. చేపలు కొంటే రూపాయి కోసము పంతము పట్టకండి. ఆ రూపాయి వెనుక ప్రాణభయము ఉన్నది.

డచ్చివారి సమాధులు, దీపస్తంభము, పాతకాలపు సెయింట్ పీటర్స్ దేవాలయము చూడండి. సమాధుల మీద పేర్లు గీయవద్దు. ఇంటికి దూరముగా కన్నుమూసిన బిడ్డల గుర్తులవి. నది సముద్రములో కలిసేచోట నీళ్లలో దిగవద్దు. అక్కడి ఒరవడి ఈతగాండ్రను కూడా లాగివేయును.

ఆ ఊరు మనకు వినోదము చూపించుటకు కూర్చుని లేదు. తన పని తాను చేసికొనుచున్నది. మనము చుట్టాలవలె వెళ్లి, చుట్టాలవలె మర్యాదగా తిరిగి వద్దాము. మళ్లీ రండని వారు అనగలిగితే, మన ప్రయాణము ఫలించినట్లే.