చిగుళ్ళ నుండి వచ్చు రక్తము

(పాఠశాలలో చేసిన ప్రసంగ పాఠము)



దంతములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. మేము దంతములను గూర్చి గాక, వానిని పట్టి నిలుపు చిగుళ్ళను గూర్చి చెప్పదలచితిమి. పన్ను పుచ్చిన నొప్పి పుట్టును. నొప్పి పుట్టిన వైద్యుని యొద్దకు పరుగెత్తుదుము. చిగుళ్ళ జబ్బు స్వభావము వేఱు. అది ఏండ్ల తరబడి నొప్పి లేకయే లోలోపల తన పని సాగించును. ముందుగా అది పంపు వార్త తఱచుగా ఒక్కటే: ఉదయమున పండ్లు తోముకొని ఉమ్మినప్పుడు కనబడు ఎఱ్ఱని చార.

ఆ చార కనబడగానే మన యిండ్లలో ఏమి జరుగును? "చిగురు ఒరుసుకొని పోయినది, నాలుగు దినములు బ్రష్షు ముట్టవద్దు" అని పెద్దలు చెప్పుదురు. ప్రేమతో చెప్పిన మాటయే గాని, అదియే పొరపాటు.

నిద్ర లేచినప్పుడు పండ్లపై నాలుకకు జిగటగా తగులు పొరను మనము పాచి యందుము. అది తిన్న అన్నపు మిగులు మాత్రమే కాదు, సూక్ష్మజీవుల కాపురము. హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణపు బట్టల వర్తకుడు లేవెన్‌హుక్ తన పండ్ల పాచిని తాను చేసికొన్న భూతద్దముతో పరీక్షించి, అందు కదలాడు ప్రాణులను గూర్చి 1683లో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. ఆ ప్రాణులకును చిగుళ్ళ వాపునకును గల సంబంధమును కండ్లకు కట్టినట్లు చూపినది 1965 నాటి డెన్మార్కు పరీక్ష. హారాల్డ్ లోయె అను ఆచార్యుడును ఆయన సహచరులును ఆర్హుస్ పట్టణమున 12 మంది ఆరోగ్యవంతులచేత పండ్లు తోముట పూర్తిగా మాన్పించిరి. వారిలో పెక్కుమంది దంతవైద్య విద్యార్థులే. 10 మొదలు 21 దినములలో అందఱి చిగుళ్ళును వాచెను. మరల తోముట మొదలిడగా సుమారు ఒక వారములో వాపు తీసెను.

కాబట్టి రక్తము సాధారణముగా తోముటవలన వచ్చునది కాదు, సరిగా తోమకపోవుటవలన వచ్చునది. రక్తము వచ్చుచోట మెత్తని బ్రష్షుతో, పంటికిని చిగురునకును నడుమనున్న అంచున, మెల్లగా, మానక తోమవలెను. ఒకటి రెండు వారములలో తగ్గనిచో వైద్యునికి చూపవలెను.

పాచిని విడిచిపెట్టితిమా, అది ఉమ్మినీటిలోని సున్నపు లవణములను చేర్చుకొని గట్టిపడును. అదియే గార. గార బ్రష్షునకు లొంగదు; ఉప్పుతో, బొగ్గుతో, ఇటుక పొడితో రుద్దిన అరుగునది పంటి పైపూతయే గాని గార కాదు. ఆరోగ్యవంతుని చిగురు పంటి చుట్టును 1 మొదలు 3 మిల్లీమీటర్ల లోతు సందు మాత్రమే విడుచును. జబ్బు ముదిరినకొలది ఆ సందు సంచివలె లోతగును, లోపల ఎముక కరగును, చీము పట్టును, పన్ను కదలును. జనులు దీనిని పయోరియా యందురు. వాపు దశలో జబ్బు పూర్తిగా మరలును. ఎముక కరిగిన పిదప జబ్బును ఆపవచ్చును గాని, పోయిన ఎముక చాలవఱకు తిరిగి రాదు. ఈ భేదమును మీరు గుర్తుంచుకొనుడు.

ఇది క్రొత్త జబ్బు కాదు. చిగురు తనంత నెత్తురు కారి, మెత్తబడి, దుర్గంధము కొట్టు వ్యాధిని సుశ్రుతుడు శీతాదమనెను. పండ్లు కదలు వ్యాధిని ఉపకుశమనెను.

"మా తాత బ్రష్షు ఎఱుగడు, తుదివఱకు చెఱకు కొఱికెను" అని వాదించువారు ప్రతి యూరను కలరు. వారికి సింహళపు తేయాకు తోటలు జవాబు చెప్పును. అచ్చట దంతశుభ్రత అలవాటు లేని 480 మంది పురుష కార్మికులను 1970 మొదలు 15 ఏండ్లు పరిశీలించిరి. నూటికి సుమారు 8 మందిలో జబ్బు వేగముగా ముదిరెను, 81 మందిలో మెల్లగా నడచెను, 11 మందిలో చిగుళ్ళ వాపును దాటి పోలేదు. ఆ తాతగారు ఈ 11 మందిలోని వారై యుందురు. మనుమడు ఏ లెక్కలోనివాడో ఎవరు చెప్పగలరు?

ఇక మన ప్రాంతపు మాట. మహారాష్ట్రమున పొగాకును కాల్చి పొడిచేసి పండ్లు తోముకొను మిశ్రి అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, చిరకాలముగా నున్నది. పంటి నొప్పి అణగునని మొదలిడుదురు. పిదప అది విడువదు. పొగాకు కలిపిన పండ్లపొడుల తయారీని భారత ప్రభుత్వము 1992లో నిషేధించెను గాని, వంటింటి పెనముమీద కాల్చుకొను పొగాకును ఏ చట్టము చూడగలదు? అది చిగురును క్రిందికి దించును. నోటి క్యాన్సరునకు దారితీయును. బీడీ సిగరెట్లు త్రాగువారిలో మఱియొక మోసము కలదు: చిగుళ్ళ రక్తనాళములు ముడుచుకొని, జబ్బు ముదిరినను రక్తము అంతగా కనబడదు. వార్త తెచ్చువానినే దారిలో ఆపివేసినట్లు!

మధుమేహమునకును ఈ జబ్బునకును రాకపోక లున్నవి. రక్తములో చక్కెర హెచ్చిన చిగుళ్ళు చెడును. చిగుళ్ళు చెడిన చక్కెర అదుపునకు రాదు.

చికిత్సలో మొదటిది గార తీయుట. "తీయించిన పండ్లు వదులగును" అను భయమువలన ఎందఱో ఆగిపోవుచున్నారు. పునాది కరిగిన గోడకు మట్టిపెళ్ళ ఆనుకొని నిలిచినచో, పెళ్ళను తీసినప్పుడు గోడ కదలిక కంటబడును. గోడను చెఱచినది పెళ్ళను తీసినవాడు కాడు. గార తీసిన పిదప చిగురు బిగిసి పంటిని పట్టుకొనును. సంచి లోతైనచో వేళ్ళవఱకు శుభ్రము చేయుదురు. అప్పటికిని తగ్గనిచో చిన్న శస్త్రచికిత్స చేయుదురు.

విద్యార్థులారా, ఇచ్చట మీ వలన కావలసిన పని యొకటి కలదు. దేగ్లూరు, బిలోలి, ధర్మాబాదు వైపు పల్లెలనుండి నాందేడు ఆసుపత్రులకు వచ్చు మన ముసలివారు అంగడిలో మరాఠీ బాగుగనే మాటలాడుదురు. వైద్యుని యెదుట మాత్రము "చిగురు" అను మాట దొరకక, పంటిని చూపి ఊరకుందురు. వైద్యుడు పంటినే చూచును. మీకు రెండు భాషలును వచ్చును. చిగుళ్ళను మరాఠీలో హిరడ్యా యందురని మీ కెఱుకయే. అమ్మమ్మతో కూడ వెళ్ళుడు. రక్తము ఎన్నాళ్ళనుండి వచ్చుచున్నది, పన్ను కదలుచున్నదా, మధుమేహ మున్నదా, మిశ్రి వాడుచున్నదా, ఈ నాలుగును వైద్యునికి మరాఠీలో చెప్పుడు. మిశ్రి మాట వచ్చినప్పుడు అమ్మమ్మ మీ వంక గుఱ్ఱుమని చూచును. అయినను చెప్పుడు.