మాతృశ్రీ వెంగమాంబ: లోకమునకు తల్లియైన తపస్విని



శ్రావణ శుద్ధ నవమి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పరమపదించిన పుణ్యతిథి. 1817లో, ఈశ్వర నామ సంవత్సరమున, ఆ తల్లి తిరుమలలో దేహమును చాలించెను. రెండు వందల యేండ్లు గడచినను తిరుమల క్షేత్రము ఆమెను మరువలేదు. బిడ్డలు తల్లి తిథిని జరుపుకొనునట్లు మనము ఈ దినమును జరుపుకొనుచున్నాము.

తల్లి, తండ్రి, ఆచార్యుడు, అతిథి అను నలుగురిని దైవములుగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు శాసించుచున్నది. ఆ నలుగురిలో మొదట చెప్పబడినది తల్లి. మఱి కడుపున బిడ్డ పుట్టని వెంగమాంబకు ‘మాతృశ్రీ’ అను బిరుదము ఎట్లు లభించినది? దీనిని విచారింతము.

పూర్వపు చిత్తూరు మండలమున గుఱ్ఱంకొండకు సమీపమున తరిగొండ గ్రామమున్నది. పెరుగు చిలుకు తరికుండలో శ్రీలక్ష్మీనృసింహస్వామి శిలారూపమున వెలసెననియు, అందుచేతనే ఊరికి ఆ పేరు కలిగెననియు స్థలపురాణము. అచ్చట 1730లో కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు ఈమె జన్మించెను. బాల్యముననే వివాహమాయెను, భర్త అచిరకాలముననే గతించెను. శ్రీనివాసుడే తనకు నిత్యభర్త యని నమ్మిన ఆమె పసుపు కుంకుమలను విడువనని, కేశఖండనమునకు అంగీకరింపనని నిలిచెను. ఊరివారి నిందలను సహించెను గాని నిశ్చయమును వీడలేదు. మదనపల్లెకు చెందిన రూపావతారము సుబ్రహ్మణ్య దీక్షితులవారు ఆమెకు మంత్రోపదేశము చేసిరి.

ఓనమాలైనను ఒజ్జల యొద్ద నేర్వలేదనియు, తరిగొండ నృసింహుడే తనచేత పలికించెననియు ఆమెయే చెప్పుకొనెను. అట్టి నాలుక నుండి వెలువడిన వాఙ్మయమును చూడుడు! తరిగొండ నృసింహ శతకము, శివనాటకము, బాలకృష్ణ నాటకము స్వగ్రామమున రచించెను. తిరుమల చేరి, తుంబురు కోనలో తపమాచరించిన పిదప విష్ణుపారిజాతము, చెంచు నాటకము, ముక్తికాంతా విలాసము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, శ్రీ వేంకటాచల మాహాత్మ్యము మున్నగునవి వెలసినవి.

ఇందు ఒక విశేషమును గమనింపుడు. పండితులకై పద్యకావ్యము చెప్పగల శక్తి యుండియు, ఆమె పెక్కు గ్రంథములను ద్విపదలోను యక్షగానములోను చెప్పెను. ద్విపద రెండు పాదముల పాట. తిరుగలి విసరుచు, పాలు చిలుకుచు పాడుకొనదగినది. యోగవాసిష్ఠము వంటి కఠినమైన వేదాంతమును ద్విపదగా చెప్పుట యన, గట్టి అన్నమును మెత్తగా కలిపి బిడ్డ నోటికి అందించుట వంటిది. మాతృత్వమనగా నిదియే గదా! ఆమె రాజయోగామృతసారము కపిల దేవహూతి సంవాద రూపము. అందు కుమారుడు గురువై తల్లికి తత్త్వము బోధించును. తల్లి ఋణమును కుమారుడు జ్ఞానముచేతను తీర్చుకొనవలెనని మేము దానినుండి గ్రహించితిమి.

అన్నము మాటకు వత్తము. నృసింహ జయంతి సందర్భమున తిరుమలలో యాత్రికులకు ఆ తల్లి అన్నదానము జరిపించెను. దేవస్థానమువారు 1985లో నిత్యాన్నదానమును ఆరంభించిరి. 2011లో ప్రారంభమైన విశాల భోజన భవనమునకు వెంగమాంబ పేరే పెట్టిరి. నేడు కొండపైన ఆకలిగొన్న యాత్రికుడు ఆకు ముందు కూర్చుండునది ఆ తల్లి నామము క్రిందనే.

ఇక హారతి. ప్రతిరాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాల హారతి స్వామికి జరుగును. సర్వమంగళ స్వరూపుడైన స్వామి నిద్రించుటకు ముందు స్వీకరించు ఆ హారతి ఎవరి పేర నున్నది? లోకము అమంగళమని ప్రక్కకు నెట్టిన ఒక వితంతువు పేర! భక్తులారా, ఇది చక్కగా ఆలోచింపుడు. మన ఇండ్లలో వివాహములు, ఉపనయనములు జరుగునప్పుడు భర్తను కోల్పోయిన తల్లిని వెనుకగదిలో కూర్చుండబెట్టుచున్నాము. వేదమును అధ్యయనము చేసినవారి ఇండ్లలోను ఇది కలదు. స్వామి స్వీకరించిన చేతిని మనము నిరాకరింపవచ్చునా? కన్నతల్లి చేతి అక్షింతలు తలపై పడని పెండ్లికి ఏ శుభము కొఱవడినదో కొడుకులు తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

మఱియొక మాట. తల్లి గతించిన పిదప నగలను పంచుకొందుము. ఆమె పాడిన మంగళహారతులను, లాలిపాటలను, వ్రాసికొన్న పుస్తకమును ఎవరును అడుగరు. మూడేండ్లలో అవి చెదలపాలగును. పిండ తర్పణములు శాస్త్రవిహితములు. వానిని శ్రద్ధతో చేయుడు. దానితో బాటు ఆనాడు తల్లి పాటనొకదానిని మనుమరాలిచేత పాడింపుడు. ఆమె వండి పెట్టిన వంటకమును ఒక అతిథికి వడ్డింపుడు. తెలిసిన పెద్దముత్తైదువులు, పిన్నమ్మలు జీవించి యుండగానే ఆ పాటలను వ్రాసి పెట్టుకొనుడు.

తిరుమలలో ఉత్తర మాడవీధి ప్రాంతమున వెంగమాంబ బృందావనమున్నది. స్వామి దర్శనమునకు పోవువారు అచ్చట క్షణకాలము నిలిచి నమస్కరింపుడు. తల్లులను గౌరవించు బుద్ధిని, వారి విద్యను నిలుపు శక్తిని శ్రీవేంకటేశ్వరుడు మనకందరకు అనుగ్రహించుగాక!

స్వస్తి.